తువ్వాలు కింద మూడు వందల పన్నెండు మంది

మూత మావయ్యకు మూత లేనిదేదీ నచ్చదు. టీ గ్లాసు మీద సాసరు, సాసరు మీద పోస్టుకార్డు, ఆ కార్డు రాసినవైపు కిందికి. ఒకసారి ఆఫీసు గోడగడియారానికీ జేబురుమాలు కట్టాడు, దుమ్ము పడుతోందట. ఆ రోజు అందరం గంట ఆలస్యంగా ఇళ్ళకెళ్ళాం.

ఆయన నాకు సొంత మావయ్యేమీ కాదు. ఇద్దరం ఒకే గదిలో గుమస్తాలం. నేను చేరిన రోజున "రా అల్లుడూ, కూర్చో" అన్నాడు, చుట్టరికం కలిసిపోయింది. ఆటిజం ఉన్నవాళ్ళు ప్రభుత్వ సాయం కోసం పేరు నమోదు చేయించుకునే ఆఫీసు మాది. వాళ్ళ అడ్రసులు, డాక్టర్ల రాతలు, ఎవరికి ఏ చప్పుడు పడదో, ఎవరు దేనికి బెదురుతారో, అన్నీ మావయ్య చేతిలోనే ఉండేవి.

కంప్యూటరు మీద పెద్ద తువ్వాలు కప్పి, అందులోకి తల దూర్చి టైపు చేసేవాడు. కొత్తవాళ్ళు ఆవిరి పడుతున్నాడనుకుని "జలుబా అండీ?" అని అడిగేవారు.

"ఆ, కాస్త," అనేవాడు లోపలినుంచి.

కిటికీకి ఆకుపచ్చ తెర. మధ్యాహ్నం ఆ వెలుతురులో గదంతా చెరువు అడుగున ఉన్నట్టుండేది. ఫ్యాను గాలికి తువ్వాలు ఊపిరి తీస్తున్నట్టు కదిలేది. నిద్రో మెలకువో తెలియని ఆ మత్తులో నాకు చెల్లి గుర్తొచ్చేది. నేను ఉద్యోగంలో చేరకముందే తన ఫైలు అక్కడికి చేరింది. టైలరు దుకాణంలో గుండీలకు కాజాలు కుడుతుంది తను. "నా కుట్టు గురించి మాట్లాడుకోనీ అన్నయ్యా, నా గురించి వద్దు," అంది. అందుకే ఎవరికీ చెప్పలేదు. మావయ్య, నేను మూడేళ్ళు పక్కపక్కన కూర్చుని క్యారేజీలు విప్పుకున్నా ఆ ఊసే రాలేదు.

ఒక వానరోజు పెద్దసారు మా గదిలోకొచ్చాడు. మంచివాడే, మంచి చేసెయ్యాలన్న తొందరే ఎక్కువ.

"మన జాబితా వీధివీధినా అంటిద్దామయ్యా. పేరు, ఇంటి నంబరు, డాక్టరు రాసింది. చుట్టుపక్కలవాళ్ళు చూసి సాయం చేస్తారు."

తడిగోడ మీద చెల్లి పేరు, దాన్ని చదువుతూ గొడుగుల కింద జనం. కళ్ళు తెరుచుకునే కలగన్నాను.

తువ్వాలు కదిలింది. "ఎంతమందో చెప్తాను సార్. మూడు వందల పన్నెండు."

"పేర్లయ్యా."

"పేర్లు వాళ్ళవి కదండీ. వాళ్ళనడిగారా?"

"వాళ్ళ మంచికేగా."

"అయితే మీ షుగరు, బీపీ కూడా పక్కనే అంటిద్దామా సార్? వీధివాళ్ళు మీ ఉప్పు మీద ఓ కన్నేసి ఉంచుతారు."

పెద్దసారు దగ్గాడు. "నాది వేరు."

"రూలు ప్రకారం ఎవరికి వాళ్ళనే అడగాలి సార్. ఉత్తరాలు రాస్తాను. ఒప్పుకున్నవాళ్ళవే అంటిద్దాం."

పది రోజులు చేత్తో రాశాడు. పోస్టుమానుకు కూడా తెలియకూడదని కవర్ల మీద ఆఫీసు ముద్ర వెయ్యలేదు. ఆ తెల్లకవర్ల గుట్ట చూసి ఆఫీసంతా ఆయన కొడుకు పెళ్ళి శుభలేఖలనుకుని గోడగడియారం బహుమతి తెచ్చింది. కొడుక్కి పెళ్ళయి ఆరేళ్ళయింది. మావయ్య పెట్టె విప్పకుండానే, మూత గట్టిగా ఉందని మెచ్చుకున్నాడు.

ఒక కవరు మా ఇంటికీ వచ్చింది. "మీ వివరాలు అందరికీ చూపిస్తామంటున్నారు. మీకిష్టం లేకపోతే వద్దనండి. కారణం చెప్పక్కర్లేదు."

చెల్లి మూడుసార్లు చదివింది. "కారణం చెప్పక్కర్లేదట అన్నయ్యా," అని, 'వద్దు' అన్న మాట కింద స్కేలు పెట్టి గీత గీసింది.

నేను కవరు మీది అడ్రసు చూస్తూ ఉండిపోయాను. చెల్లికి నేను రోజూ కబుర్లు చెప్పే మూత మావయ్య దస్తూరీ. మా ఇల్లు ఆయనకు తెలుసు. అంటే మూడేళ్ళుగా అన్నీ తెలుసు. ఒక్కనాడూ నాతో కూడా నోరు జారలేదు. ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

ఒప్పుకున్నది ఒక్కడే, అదీ తన పేరు ఎర్రసిరాతో వెయ్యాలన్న షరతు మీద. పెద్దసారు మళ్ళీ జాబితా మాట ఎత్తలేదు.

తర్వాతి వారం మావయ్యకు ముద్ర లేని కవరొకటి వచ్చింది. లోపల గుండ్రటి గుడ్డమూత, అంచు చుట్టూ కాజాకుట్టు, నడుమ పట్టుకోవడానికి గుండీ.

"ఎవరు పంపారు మావయ్యా?"

అంచును వేలితో తడిమాడు. నా వైపు మాత్రం చూడలేదు.

"ఏమో అల్లుడూ, పేరు లేదు," అని దాన్ని టీ గ్లాసు మీద పెట్టుకున్నాడు. "కుట్టు మాత్రం చాలా బాగుంది."

సాయంత్రం ఆ మాట ఇంటికి మోసుకెళ్ళాను. చెల్లి కొలత టేపు అందుకుని, మా ఆఫీసు గోడగడియారం ఎంత వెడల్పుంటుందని అడిగింది.