మా అన్న కోసిన బతుకమ్మ

మా అన్న పర్శరాములుకు పిల్లలకు చదువు చెప్పడం వచ్చు, ఎక్కడ ఆగాలో మాత్రం రాదు. మా నాన్న మగ్గం వదిలి అమీర్‌పేటకు వచ్చి కుట్టుపని పెట్టుకుంటే, అన్న సూది ముట్టకుండా ఇంటి అరుగు మీద తెలుగు బడి పెట్టాడు. బేగంపేటలో విమానాల మైదానం కొత్తగా కడుతున్న రోజులవి. అక్కడ మట్టి మోసేవాళ్ల పిల్లలే మా బడి పిల్లలు.

అందులో ఆడపిల్ల ఒక్కతే, భూలక్ష్మి. దాని నాయనమ్మ లచ్చవ్వను నెలల తరబడి బతిమాలి తెచ్చుకున్నాడు. "గీ పిల్ల సదువు ఆగితే నా బడి ఎందుకే చంద్రావతీ" అనేవాడు నాతో.

ఆ యేడు ఆకారాల పాఠం దగ్గర బండి ఆగింది. గోడ మీద బొగ్గుతో వృత్తం గీసి ఇదేమిటంటే పిల్లలు "లడ్డు" అనేవారు. లడ్డు చేతికిచ్చి ఇదేమిటని అడిగితే తినేసేవారు. "వృత్తం బల్లపరుపు! గోళం పిడికిట్ల నిండుగ ఉంటది! ఎన్నిసార్లు చెప్పాల్రా?" అని అరిచి బొగ్గు విసిరికొట్టేవాడు. త్రిభుజానికీ శంకువుకూ తేడా అడిగితే ఇంకా అధ్వాన్నం. వాళ్లకు పాఠం రాని రోజు నా పప్పులో ఉప్పెక్కువైందనేవాడు.

బతుకమ్మ పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు పొద్దున నేనూ లచ్చవ్వా అరుగు మీదే బతుకమ్మ పేర్చాం. భూలక్ష్మి పంజాగుట్ట రాళ్ల మధ్య తిరిగి తంగేడు, గునుగు ఏరుకొచ్చింది. తాంబాళంలో కింద పెద్ద వరుస, దాని మీద చిన్నది, ఆపైన ఇంకా చిన్నది, కొనన పసుపు గౌరమ్మ. అన్న చూసి గంతేసి బడి పిల్లలను పిలిచాడు.

"ఒరే, గిదే శంకువు! వరుసకొక్క వృత్తం, అన్నీ కలిస్తే శంకువు!"

భూలక్ష్మి చుట్టూ తిరిగి చూసి, "అయితే పైన కొన సుత చిన్న వృత్తమేనా పంతులూ?" అంది. అన్న ముఖం వెలిగిపోయింది.

అక్కడ ఆగితే ఎంత బాగుండేది! లోపల త్రిభుజం చూపిస్తానని వంటింట్లోంచి కత్తి తెచ్చి, నేను నోరు తెరిచేలోపే బతుకమ్మను నిలువునా కోశాడు. గౌరమ్మ రెండు ముక్కలైంది. కడుపులో కూరిన ఆకులు అరుగు మీద పడ్డాయి. "చూడుండ్రి, త్రిభుజం!" అంటున్నాడు ఇంకా.

"పోరగాళ్లకు సదువు చెప్పనీకి అమ్మను కోస్తవా? నీకు చెయ్యెట్లొచ్చిందిరా?" అంటూ లచ్చవ్వ మనవరాలి రెక్క పట్టుకుని వెళ్లిపోయింది. మిగతా పిల్లల తల్లులు నాలుగు తిట్టి మళ్లీ పంపారు. లచ్చవ్వ పంపలేదు.

"చెంపలేసుకో అన్నా, కాళ్లు పట్టుకో" అని మొత్తుకున్నాను.

"పూలు కోసిన, పాఠం చెప్పిన. తప్పేంది?" అని మొండికేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రోజూ అన్న లచ్చవ్వ గుడిసె దాకా వెళ్లడం, వాదించడం, ఉత్త చేతులతో తిరిగిరావడం.

పండుగ చివరి రోజు, సద్దుల నాడు సాయంత్రం ఆడి పాడి బతుకమ్మలను కుంటలో వదిలాం. అన్న మగవాళ్లతో గట్టు మీద ఉన్నాడు. మా బతుకమ్మ నీళ్లకు కుంగింది. వరుసలు విడిపోయి పూలన్నీ గుండ్రంగా నీటి మీద పరుచుకున్నాయి. మోకాలి లోతులో నాయనమ్మ పక్కన నిలబడ్డ భూలక్ష్మి గట్టు వైపు తిరిగి అరిచింది.

"పంతులూ! శంకువు పోయింది! గిప్పుడు వృత్తమే మిగిలింది!"

అన్న ధోవతితోనే నీళ్లలోకి దిగి, లచ్చవ్వ ముందు నిలబడి రెండు చెంపలూ వాయించుకున్నాడు.

"తప్పైంది లచ్చవ్వా. పిల్లను పంపు."

లచ్చవ్వ కళ్లు తుడుచుకుంది. "అమ్మ మాఫ్ చేస్తది బిడ్డా, ఆమెది పెద్ద మనసు. నాకే ధైర్నం లేదు. రేపు ఇంకేం కోస్తవో."

ఆ తర్వాత భూలక్ష్మి రోజూ తండ్రికి సద్ది మోసుకుంటూ మా అరుగు ముందు నుంచే బేగంపేటకు వెళ్లేది. గోడ మీది బొగ్గు వృత్తం దగ్గర కాస్త ఆగేది. పాఠం చెబుతున్న అన్న గొంతు కూడా అక్కడే ఆగిపోయేది. ఆ కత్తితో నేను మళ్లీ ఒక్క కూర కొయ్యలేదు. ఏం లాభం? పిల్ల అయితే రాలేదు.