చింతపండు గోడౌనులో హేమంత్ సిగ్నలు

హేమంత్ కోతలు మొదలుపెడితే బైరెడ్డిపల్లెలో కోళ్లు మేత మానేసి వినేవి. మదనపల్లెలో కంప్యూటర్ కోర్సు చేసొచ్చాక పట్టపగ్గాల్లేవు. తన వైర్‌లెస్ పెట్టె ముందు పుంగనూరులో తుమ్మితే కుప్పంలో 'చిరంజీవ' అంటారట!

ఆ గొప్ప చెవిన పడి, 2006లో పుంగనూరు నారాయణప్ప తన చింతపండు గోడౌను అప్పగించాడు. మూటలను చేతి స్కానర్లతో లెక్కపెట్టాలి, ఏ మూలకైనా సిగ్నలు అందాలి. అందితే కుప్పం గోడౌనుకు హేమంతే ఇన్‌చార్జి.

హేమంత్ తండ్రి అంజినప్ప అక్కడే హమాలీ. మూట మోసే గతి కొడుక్కి పట్టకూడదని సీజన్లో వాణ్ణి గోడౌను గడప తొక్కనివ్వలేదు. నిండిన గోడౌను ఎలా ఉంటుందో హేమంత్ ఎరగడు.

ధనుర్మాసంలో పాత సరుకు ఖాళీ అయ్యాక లాప్‌టాప్ పట్టుకుని నలుమూలలా తిరిగాడు. గోడలకు ఛాతీ ఎత్తున పెట్టెలు బిగించాడు. సిగ్నలు నిండుగా వచ్చింది. కుంకుమబొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టారు.

శివరాత్రికి కొత్త పండు దిగింది. తడి ఆరని మూటలు దూలాల దాకా లేచి పెట్టెలను కప్పేశాయి. స్కానర్లు మూగబోయాయి.

"మీవాడు తుమ్మితే పక్క వరసకే వినపడలేదే అంజినప్పా!" అన్నాడు హమాలీ వెంకటేశులు. అందరూ పగలబడి నవ్వారు.

"పెట్టెలు పైకి మార్చాల సార్. రెండు దినాలు టైమియ్యండి," అన్నాడు హేమంత్.

"లారీలు వాకిట్లో ఉండాయి. టైం యాడిది?" నారాయణప్ప ఒక పెట్టె ఊడబీకించి, పొడుగు వైరు తగిలించి వాడి చేతిలో పెట్టాడు. "ఎక్కు. టవరు యాడ పెట్టాలో తెలీనోడివి, నువ్వే టవరు."

హేమంత్ మూటల మీదికెక్కి పెట్టె పైకెత్తాడు. కింద స్కానరు కూసింది. హమాలీలు ఈలలేశారు.

"కుప్పానికి వేరేవాణ్ణి చూసినా," అన్నాడు నారాయణప్ప, స్కానరు అంజినప్పకిస్తూ. "సిగ్నలు తగ్గితే నువ్వే అరవాల. లేకుంటే మీరిద్దరూ ఇంటికే."

పొద్దు వాలేసరికి హేమంత్ చేతుల్లోని పెట్టె కిందికి దిగింది. స్కానరు మూగబోయింది. హమాలీలంతా అంజినప్ప నోటివైపు చూశారు.

"ఎత్తప్పా," అన్నాడు అంజినప్ప.

"చేతులు పడిపోతాండాయి నాయనా."

నారాయణప్ప కుర్చీలోంచి లేచాడు.

"ఎత్తరా, దున్నపోతా!" అని అరిచాడు అంజినప్ప, అందరికంటే గట్టిగా నవ్వుతూ.