ట్యాబ్ చూపిన బోరు పాయింట్

నంద్యాలలో నేను పరిశోధన చేసే కాలేజీలో నా పని చెప్పుకోవడానికి గొప్పగానే ఉంటుంది. భూమి లోపల నీళ్లు ఎలా కదులుతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టి, బడి పిల్లలకు బొమ్మల్లో చూపించే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నాను. ఏళ్ల తరబడి ఇదే గోల. మా ఇంట్లోవాళ్ల దృష్టిలో మాత్రం నేను 'ఇంకా చదువుతూనే' ఉన్నాను.

అది పిల్లలకు అర్థమవుతుందో లేదో చూద్దామని ఆళ్లగడ్డ దగ్గర ఒక ఊరి హైస్కూలుకు ట్యాబులు ఇచ్చి, ఇంటికి కూడా తీసుకెళ్లమన్నాను. తెర మీద మట్టి పొరలు, రాతి పొరలు, వాటి మధ్య నీలం రంగులో నీళ్లు. ట్యాబును వంచితే నీలం పల్లానికి జారి గుంపు కడుతుంది. పిల్లలకు సరదాగా ఉంటుందని ఆ ఏర్పాటు. అంతటితో ఆగానా? మన ఊరే అనిపించాలని ఆ ఊరి పేరు, పొలాల పటం కూడా పెట్టాను. మా గైడు భలే ఉందన్నారు. నేను పొంగిపోయాను.

ఒక ఉదయం ఆ బడి సైన్సు టీచరు ఫోన్ చేసింది.

"మేడమ్, మా తొమ్మిదో తరగతి పిల్ల వాళ్ల నాయన మీ ట్యాబ్ చూసి బోరు పాయింట్ పెట్టుకున్యాడు. రేపు బోరు బండి వస్తాందంట. ఈ పొద్దే ఎనుమును అమ్ముతాడంట. పిల్ల ఒకటే ఏడుస్తాంది."

పాలిచ్చే బర్రెను అమ్మి బోరు! దొరికిన బస్సెక్కాను. దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

వాళ్లింటికి వెళ్లేసరికి బర్రె ఇంకా గుంజకే ఉంది, పుణ్యం. పిల్ల దాని మెడ పట్టుకుని నిలబడింది. వాళ్ల నాయన నన్ను చేనుకు తీసుకెళ్లాడు. మిరప చేను. ఎండిపోయిన రెండు బోర్లు రాళ్లతో మూసి ఉన్నాయి. కొంచెం అవతల కొత్త పాయింట్‌కు గుర్తుగా ఒక వేపమండ గుచ్చి ఉంది.

"ఎట్లా చూసినావన్నా?" అన్నాను.

ట్యాబును కుడి అరచేతిలో పడుకోబెట్టి, మెల్లగా అడుగులేస్తూ నడిచాడు. మా వైపు నీళ్లు చూసేవాళ్లు అరచేతిలో టెంకాయ పెట్టుకుని అచ్చం అలాగే నడుస్తారు. టెంకాయ నిటారుగా లేచిన చోట నీళ్లున్నట్టు. వేపమండ దగ్గర నేల ఏటవాలు. చెయ్యి వంగింది, నీలమంతా ఒక మూలకు చేరింది.

"సూడు మేడమ్, ఎట్లా గుంపు కడతాందో!" అతని ముఖం వెలిగిపోతోంది.

నవ్వు రాలేదు నాకు. ఏడుపొచ్చింది. అతన్ని ఎండిన బోరు పక్కకు తీసుకెళ్లి, ఈడ కూడా చెయ్యి వంచన్నా అన్నాను. వంచాడు. నీలం అక్కడా అంతే చిక్కగా గుంపు కట్టింది. తలెత్తి వేపమండ వైపు చూశాడు.

"అట్లయితే ఆడ నీళ్లు లేవా?"

"ఉన్నాయో లేవో నాకు తెలీదన్నా. ఇది పిల్లల పాఠం. నీ భూమిని నేను ఇంతకుముందు చూడనే లేదు. ఊరి పేరు పెట్టడం నా బుద్ధి తక్కువ."

నాలుగు తిడతాడనుకున్నాను. వంగి వేపమండ పీకేశాడు. "ఆ రెండు బోర్లకూ పాయింట్ పెట్టినోళ్లు గ్యారంటీగా పడతాయన్యారు. తెలీదని చెప్పనీకి బస్సెక్కి వచ్చింది నువ్వొక్కదానివే తల్లీ." బోరు బండివాళ్లకు ఫోన్ చేసి రావద్దన్నాడు.

మర్నాడే తెర మీంచి ఊరి పేరు, పటం తీసేశాను. గైడు గొణిగారు, అది వేరే సంగతి. చేను చూసిన రోజు నేను వాళ్లింటి నుంచి బయల్దేరుతుంటే పిల్ల గ్లాసు నిండా పాలు తెచ్చింది.

"మా ఎనుము పాలే మేడమ్. తాగండి."

చేనులో మిరప మొక్కలు వాడిపోయి ఉన్నాయి. వాటికి నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయో నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. ఆ పిల్ల చూస్తుండగా పాలు చివరి చుక్క దాకా తాగి, గ్లాసు కడిగి ఇచ్చాను.