కళ్ళు మూసుకుని కొట్టిన గాలి

ఫుట్‌బాల్ స్టేడియం గోడకు ఆనుకుని ఉన్న పంక్చర్ షాపాయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది. ఒక్కోసారి ఆయన భార్యకు కూడా అది తట్టదు. ఊరందరికీ ఆయన ఐరన్ లెగ్.

ఆ బిరుదు ఊరికే రాలేదు. ఆయన మొదటిసారి మ్యాచ్ చూడ్డానికి వెళ్ళిన రోజున మన గోల్‌కీపర్ మన గోల్‌లోనే బంతి వేసుకున్నాడు. రెండోసారి వెళితే మన కెప్టెన్ పెనాల్టీ కొట్టబోయి, బూటును గోల్‌లోకి పంపి బంతిని ఉన్నచోటే వదిలేశాడు. మూడోసారి ఆయన ఎడమకాలు ఇంకా గేటు దాటనే లేదు, అవుట్‌కు పోతున్న బంతి దారిన పోయే కుక్క వీపుకు తగిలి సరాసరి మన గోల్‌లోకెళ్ళి కూర్చుంది. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ కుక్కనే అడగొచ్చు.

ఆ సాయంత్రమే అభిమాన సంఘం తీర్మానం చేసింది: ఈయన గేటు లోపల కాలు పెట్టకూడదు. ప్రతిపాదించింది ఎవరో కాదు, సొంత బావమరిది, బస్సు కండక్టరు. అందరికంటే ముందు చెయ్యెత్తి ఒప్పుకున్నది ఐరన్ లెగ్గే. ఆ క్లబ్బంటే ఆయనకు అంత ప్రాణం. అప్పట్నుంచీ మ్యాచ్ రోజున షాపులో కూర్చుని గోడవతల హోరు వింటాడు. "అయ్యో" సాగితే బంతి గోల్‌పోస్టుకు తగిలినట్టు, తెగితే గోల్‌కీపర్ పట్టేసినట్టు. క్లబ్బు బంతులకు గాలి కొట్టేది మాత్రం ఆయనే. బొటనవేలితో ఒక్కసారి నొక్కి, బంతికి ఎంత గాలి కావాలో చెప్పేస్తాడు.

ఈసారి క్లబ్బు చివరి మ్యాచ్ దాకా లాక్కొచ్చింది. గెలిస్తే పై డివిజన్. డ్రా అయినా లాభం లేదు. ముందురోజు షాపు బల్లమీద చర్చ మొదలైంది.

"రాసిపెట్టుకోండి, వచ్చే ఏడు జరిగే పెద్ద టోర్నమెంటు మ్యాచ్‌లు మనూరికే," అన్నాడు కండక్టరు.

"ఎవరిస్తారయ్యా? మన స్టేడియంలో కుర్చీ మీద మనం కూర్చుంటే, కాసేపటికి కుర్చీయే మన మీద కూర్చుంటుంది," అన్నారు రిటైరైన లెక్కల మాస్టారు.

"కొత్తవి వేస్తారు సార్! పై డివిజన్ జట్టున్న ఊళ్ళకే మ్యాచ్‌లని టోర్నమెంటు కమిటీవాళ్ళు తేల్చేశారుగా. రేపు గెలిచామా, వేదిక మనదే. ఈ గోడ కొట్టేస్తారు, రోడ్డు వెడల్పు చేస్తారు, ఇక్కడంతా పార్కింగు..."

మాట మధ్యలో నాలుక్కరుచుకున్నాడు. అందరి చూపూ షాపు తలుపు మీది ఎర్రరంగు గుర్తు దగ్గర ఆగింది. కొలతల టేపుతో వచ్చినవాళ్ళు వేసిపోయిన గుర్తు అది. మ్యాచ్ గెలిస్తే షాపు తీసేస్తామనీ, ఓడితే తమకు ఈ ఊరితో పనే లేదనీ వాళ్ళు మర్యాదగానే చెప్పి వెళ్ళారు.

"పార్కింగైతే మంచిదేగా. పంక్చర్లెక్కువ," అన్నాడు ఐరన్ లెగ్.

మాస్టారు ఎర్రగుర్తుకు వీపు తిప్పి కూర్చున్నారు.

ఆ రాత్రి ఇంట్లో కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. భార్య నీళ్ళగ్లాసు పెడుతూ, "ఏమండీ, రేపు మీరు ఊరికే అలా ఒక్క అడుగు లోపలపెట్టి వచ్చేస్తే..." అంది.

"ఏంటే నువ్వనేది?"

"నేనేమన్నాను? గేటు తెరిచే ఉంటుంది కదా అన్నాను."

మర్నాడు మ్యాచ్ మొదలైనప్పట్నుంచీ ఆయన చేతులు ఆయన మాట వినలేదు. చిల్లు ఒకచోటుంటే ప్యాచ్ ఇంకోచోట వేశాడు. గోడవతల హోరు లేచింది. మనవాళ్ళు గోల్ కొట్టారు! ఎగిరి గంతేయబోయి, తలుపు మీది ఎర్రగుర్తు కనబడి కూర్చున్నాడు. చాలాసేపటికి గోడవతల ఒక్కసారిగా గొంతులన్నీ పడిపోయాయి. ఒకటీ ఒకటీ సమం. గుండెలో రాయి పడింది. ఆ వెనకే, ఛీ, ఏదో తేలికైనట్టూ ఉంది.

అంతలో కండక్టరు రొప్పుతూ వచ్చి పడ్డాడు.

"బావా! పంపు! ఒక బంతి మురిక్కాలవలో పడింది, ఇంకోదానికి మేకు దిగింది, ఉన్న ఒక్కటీ మెత్తబడింది. క్లబ్బు పంపు సూది విరిగి చచ్చింది!"

"తీసుకుపోరా."

కండక్టరు పంపు నొక్కి చూశాడు. కోపమొచ్చిన పిల్లిలా బుస్సుమంది తప్ప గాలి రాలేదు. వాషరు అరిగిన పంపది. ఎక్కడ అదిమిపట్టాలో ఆయన ఎడమ బొటనవేలికే తెలుసు.

"పోనీ, బంతినే ఇటు పట్రా."

"రిఫరీ దాన్ని కళ్ళముందు నుంచి కదలనివ్వట్లేదు. నువ్వే రావాలి."

"నేనా? తీర్మానమో?"

"ఇప్పుడే సవరించాను. కాలు పెట్టొచ్చు, కన్ను తెరవకూడదు. పద!"

కళ్ళు గట్టిగా మూసుకుని, పంపును చంటిబిడ్డలా ఎత్తుకుని, బావమరిది భుజం పట్టుకుని నడిచాడు. చూసినవాళ్ళు గొల్లుమన్నారు. "తెరవకండి! మీకు దణ్ణం పెడతాం, తెరవకండి!" గడ్డి వాసన తగిలింది. ఎవరో బంతిని ఒళ్ళో పెట్టారు. వేలు అదిమిపట్టి గాలి కొట్టాడు. నొక్కి చూశాడు. ఇంకోసారి పంపు కొట్టి, "తీసుకోండి," అన్నాడు.

ఈల మోగింది. కండక్టరు ఆ కంగారులో జనంలో తాను వాయించే డ్రమ్ము దగ్గరికి పరిగెత్తాడు, బావను మైదానం గీత పక్కనే మర్చిపోయి. ఐరన్ లెగ్ కదల్లేదు. ఎటు కదలాలో తెలిస్తేగా! కాసేపటికి ఈల మళ్ళీ మోగింది. కంచె వెనక నుంచి మాస్టారి గొంతు వినబడింది.

"పెనాల్టీ. మనకే. ఏమయ్యా, రెప్ప కదిలిందో, చంపేస్తాను."

రెప్ప లేపడమెంతసేపు. ఎండకు చిట్లించాడనుకుంటారు. ట్యూబు ముంచే నీళ్ళతొట్టి ఉన్నచోటే ఉంటుంది, రేపు పొద్దున బల్లమీద మళ్ళీ ఇదే చర్చ ఉంటుంది. గేటు తెరిచే ఉంటుంది కదా అన్న మాట చెవిలో తిరిగింది. ఎడమకన్ను అదిరింది. ఆయన పంపును గుండెకు హత్తుకుని, కణతలు నొప్పెట్టేలా కళ్ళు బిగించాడు.

బూటు బంతిని తాకింది. తన గాలే, చప్పుడు గుర్తుపట్టాడు. తర్వాత హోరు. గోడవతల నుంచి విని బతికిన చెవులకు గోడ లోపలి హోరు అర్థం కాలేదు.

"ఎవరిదిరా? ఎవరిది?"

కాళ్ళు నేలను వదిలేశాయి. ఎవరెవరో భుజాల మీదికెత్తేశారు.

"ఇంక తెరువు బావా! పై డివిజన్! తెరువు!"

తెరిచాడు. ఆ ఎత్తు నుంచి గోడవతల ఆయన షాపు రేకు కనబడింది. గాలికి లేవకుండా దానిమీద తనే పేర్చిన పాత టైర్లు. బార్లా తెరిచిన తలుపు. ముందు ఎవరో సైకిలు పట్టుకుని నిలబడి, అటూ ఇటూ చూస్తున్నారు.

"దించండ్రా," అన్నాడు. "షాపు తెరిచి వచ్చాను. ఎవరో వచ్చి నిలబడ్డారు."