నూట నలభై మూడు గుడ్లు

1961 నవంబరులో మాచర్లలో మేమున్న ఇంటికి వచ్చిన కట్టెల మోపులో ఒక పుల్లపురుగు దొరికింది. ఎండుపుల్లకు కాళ్ళు మొలిచినట్టుంది. నాన్న దాన్ని లాంతరు గ్లాసులో పెట్టి జామాకులు వేశారు. ఆయన సైన్సు మాస్టారు. గుండె జబ్బుతో అప్పటికి నాలుగు నెలలుగా మంచం మీదే ఉన్నారు.

"పురుగుల్ని సాకే మొగుడు ఊరు మొత్తానికి నాకొక్కదానికే దొరికాడు" అంది అమ్మ.

డిసెంబరు పదిన పురుగు మొదటి గుడ్డు పెట్టింది. మార్చి రెండున పురుగు చచ్చిపోయేనాటికి నా లెక్కలో నూట నలభై మూడు. ఒక్కొక్కటి ఆవగింజ కంటే పెద్దది, ధనియం కంటే చిన్నది. గట్టి గోధుమరంగు పెంకు, ఒక కొసన గుండ్రటి మూత, మూత మీద పచ్చటి బుడిపె.

"ఆముదం గింజకీ ఇట్టాంటి కండే ఉంటది. దానికోసం చీమలు గింజను మోసుకుపోతయ్యి" అన్నారు నాన్న. "ఇదీ అంతే. బుడిపె తిని గుడ్డును పుట్టలో వదిలేస్తయ్యి. అక్కడ గుడ్డును తొలిచి పాడుచేసే కందిరీగలకి దొరకదు."

"ఈ వేషం దానికెవరు నేర్పారు నాన్నా?"

"ఎవరూ నేర్పలా. గుడ్డులా కనపడ్డవాటిని ఎవరో ఒకరు తినేశారు. గింజలా కనపడ్డవి మిగిలినయ్యి. ఎన్ని వేల తరాలు పట్టిందో."

మగది లేకుండా పెట్టిన ఆ గుడ్లలో పిల్లలుంటాయా, ఉంటే మూత తోసుకుని ఎలా వస్తాయో కళ్ళారా చూడాలని ఆయన కోరిక. ఆరు నెలలు పడుతుందని, జూన్ పదికి మొదటిది రావాలని లెక్క వేశారు. నాన్న వానాకాలం దాటడం కష్టమని డాక్టరు నాతో విడిగా చెప్పాడు.

గుడ్లను తడి ఇసుక పోసిన డబ్బాలో ఉంచాను. ఏమిటవని అమ్మ అడిగింది. పురుగు గుడ్లంటే పారేస్తుందని, నాన్న దాచమన్న అడవి మొక్క గింజలమ్మా అన్నాను.

మే ఇరవై మూడున డబ్బా ఖాళీగా కనపడింది.

"తడిలో పెట్టావేందే, కుళ్ళిపోవూ? రెండు రోజులు ఎండబోసి, బూడిద పట్టించి మూట కట్టా" అంది అమ్మ. మా ఇంట్లో బీర, గోంగూర, తోటకూర, ఏ గింజనైనా ఆమె అలాగే దాచేది. కందిరీగల నుంచి కాపాడే గింజ రూపంతోనే గుడ్లు అమ్మ చేతికి చిక్కాయి. చిక్కించింది నేను.

నాన్న సూది, భూతద్దం తెమ్మన్నారు. ఎనిమిది గుడ్ల మూతలు లేపాం. మూడింట్లో ఎండిపోయిన సొన, పసుప్పచ్చటి పొడిలా. ఐదింట్లో మడిచి పెట్టిన కాళ్ళతో పిల్లలు, దారప్పోగుల్లా ఎండిపోయి.

"మగది లేకుండానే తయారైనయ్యి" అన్నారు. భూతద్దం పక్కన పెట్టి, "మీ అమ్మకి చెప్పబాకు" అన్నారు.

జూలై పదకొండున ఆయన పోయారు. జూన్ పది నుంచి లెక్కేస్తే ముప్పై ఒక్క రోజులు. గుడ్ల మూతలు తెరుచుకోవడం చూస్తూ ఆయన గడపవలసిన రోజులవి.

వాన పడగానే అమ్మ మిగిలిన నూట ముప్పై అయిదింటినీ పెరట్లో వరసగా విత్తింది. "మీ నాన్న గింజలు" అని రోజూ నీళ్ళు పోసేది.

"ఒక్కటీ మొలవలేదేందే?" అంది ఆగస్టులో.

"పాతవేమోనమ్మా" అన్నాను.

ఆ సెప్టెంబరు దాకా నీళ్ళు పోసింది.