నా చుక్కకు గ్రహణం పట్టిన రోజు

శనివారం పొద్దున్నే ఆరు గంటలకు యలహంకలో చిక్కబళ్ళాపుర రైలెక్కాను. కూర్చోవడానికి చోటు దొరికింది గానీ నిమ్మళంగా కూర్చోలేకపోయాను. ఆ మధ్యాహ్నం పన్నెండున్నరకు ఒక నక్షత్రానికి గ్రహణం పడుతుందని లెక్కగట్టింది నేనే. అంతవరకూ ఎవరూ చూడని గ్రహణం అది. పడకపోతే నా రెండేళ్ళ పరిశోధన బుట్టదాఖలే. మా గైడు మేడమ్‌కు నమ్మకం తక్కువ. "కాలు కాలిన పిల్లిలా ఇక్కడ తిరగకు, ఊరికి వెళ్ళిరా. చూసేది ఉపగ్రహం, నువ్వు కాదు" అని పంపేశారు. అందుకే పాతపాళ్యలోని మా అవ్వ దగ్గరికి బయలుదేరాను.

చిక్కబళ్ళాపురలో ఇడ్లీ తిని, ఎనిమిదింటికి బాగేపల్లి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. కిటికీ సీటు మాత్రం మోచేతులతో సంపాదించుకోవాలి. పక్కన కూర్చున్న వేరుశనగ రైతు నా చదువేమిటని అడిగాడు.

"చుక్కల నుంచి వచ్చే ఎక్స్‌రేలు చూస్తానప్పా."

"చుక్కలకి ఎముకలు యాడుండాయమ్మా?"

నవ్వాగలేదు. పేరేసంద్ర దాటేదాకా ఆయనకు చెబుతూనే ఉన్నాను. అవి జంట చుక్కలు. ఒకటి చచ్చిపోయి కుంచించుకుపోయింది. ఈ చివరి నుంచి ఆ చివరికి కొలిస్తే చిక్కబళ్ళాపుర, బాగేపల్లి మధ్య దూరంలో సగం ఉంటుందేమో. బరువు మాత్రం సూర్యుడికన్నా ఎక్కువ. పక్కదాని వాయువును లాక్కుంటుంది. అది పడేటప్పుడు కాగిపోయి ఎక్స్‌రేలు పుడతాయి. మన గాలి వాటిని కిందికి రానివ్వదు కాబట్టి ఉపగ్రహమే చూడాలి. రెండూ ఐదు గంటలకు ఒక చుట్టు తిరుగుతాయి. బతికున్నది అడ్డం వచ్చి చచ్చినదాన్ని కప్పినప్పుడు గ్రహణం. అదెంతసేపు ఉందో తెలిస్తే చచ్చినదాన్ని తూకం వేయవచ్చు.

"సచ్చింది బతికినదాన్ని తింటాందా! పగలే చుక్కలు చూపిస్తాండావు కదమ్మా" అన్నాడాయన.

ఈ దారిన వచ్చేవాళ్ళకు ఒక మాట. బాగేపల్లిలో పాతపాళ్య బస్సు కనిపిస్తే కాఫీ వదిలేసి ఎక్కండి. నేను కాఫీని నమ్ముకుని ముప్పావు గంట నిలబడ్డాను.

పదకొండింటికి ఇల్లు చేరేసరికి అవ్వ రాగిముద్ద, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో బస్సారు చేసి ఉంచింది. ఆత్రం ఆపుకోలేక గ్రహణం సంగతి చెప్పేశాను. అవ్వ వెంటనే పెరట్లోకెళ్ళి గరిక తెచ్చి పాల మీద, ఊరగాయ జాడీ మీద వేసింది.

"అవ్వా, అది యాడో ఆకాశం అవతల ఉండాది. మనకి అంటదు."

"యాడుంటే ఏమి పాపా, నీది కదా. ఎప్పుడు విడుస్తాది?"

"ఒంటిగంటకి. అసలు పట్టిందో లేదో సాయంత్రం గానీ తెలీదు."

"పిల్లోళ్ళకి దోషం లేదు. పట్టకముందే తినెయ్" అని వడ్డించింది. తనకు ఆకలి లేదంది. పన్నెండున్నరకు వాకిట్లోకి వెళ్ళి నీలంగా వెలుగుతున్న ఆకాశం వైపు చూశాను. అక్కడేమీ కనబడదని నాకంటే బాగా ఎవరికి తెలుసు! అయినా ఒంటిగంట దాకా అక్కడే నిలబడ్డాను.

రెండింటి బస్సులో చేలూరు మీదుగా చింతామణి చేరి, అక్కడ బెంగళూరు బస్సు మారాను. కైవార క్రాస్ దగ్గరపడుతుండగా ఫోన్ మోగింది. ఉపగ్రహం కొలతలు వచ్చాయి! ఒళ్ళో లాప్‌టాప్ తెరిచాను. ఎక్స్‌రేల వెలుగు ఎంతుందో చూపే గీత ఎగుడుదిగుడుగా సాగింది. ఉన్నట్టుండి నిలువునా పడింది. అడుగునే అరగంట నడిచి, మళ్ళీ నిలువునా లేచింది. పట్టింది! నేను చెప్పిన వేళకే పట్టింది!

"ఏమమ్మా, ఏడుస్తాండావా?" అంది కైవారలో దర్శనానికి దిగబోతున్న పక్కామె.

"లేదమ్మా, గెలిచినా" అని ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాను.

మేడమ్‌కు గీత పంపి, వెంటనే అవ్వకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"పట్టిందా?"

"పట్టింది అవ్వా. విడిచింది కూడా."

"అయితే నీళ్ళు పోసుకోనొచ్చి తింటా."

"పొద్దుట్నుంచి తినలేదా?"

"నువ్వు విడిచిందని చెప్పకుండా ఎట్ల తినేది?"

ఇన్నాళ్ళూ ఆ చుక్క నా ఒక్కదానిదే అనుకున్నాను. టైము చూస్తే ఐదుంబావు.

"తొందరగా తినవ్వా" అన్నాను. ఐదున్నరకు మళ్ళీ పడుతుందని మాత్రం చెప్పలేదు.