అమ్మను గుంటలోంచి పైకి తెచ్చిన క్యాడ్ సారు

మా క్యాడ్ సారు పోయారు. మొన్న పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే, పాలిటెక్నిక్‌లో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. కొంతకాలంగా ఆయనకు ఒంట్లో బాగుండటం లేదని తెలుసు. అయినా నమ్మబుద్ధి కాలేదు. సంచి భుజాన ఉండగానే గడపలో కూలబడ్డాను.

మహబూబ్‌నగర్‌లో మాకు క్యాడ్, అంటే కంప్యూటర్ మీద డ్రాయింగ్, నేర్పింది ఆయనే. మేమంతా నారాయణపేట, కోస్గి వైపు పిల్లలం. మౌస్ చేతికి రాగానే ఎడాపెడా గీతలు గీసేసి, ఆ బొమ్మను ఘనరూపంలోకి లేపి చూసుకోవాలని మా ఆత్రం. సారు వెనక నుంచి వచ్చి, మేం గీసిన బొమ్మలో ఒక మూలను మౌస్‌తో పట్టి లాగేవారు. బొమ్మంతా వంకర్లు పోయేది. "గుంజితే ఊగేది గూడ బొమ్మనేనా? దేన్ని దేనికి కట్టినవో చెప్పు జర," అనేవారు. ఏది నిలువు, ఏది అడ్డం, ఏది దేనికి సమానం అని కంప్యూటర్‌కు చెప్పి, కొలతలు కూడా ఇచ్చాక, అప్పటిదాకా నీలంగా ఉన్న గీతలు నల్లబడేవి. ఇక ఎంత లాగినా కదలవు. తెర మీది మూలబిందువుకు బొమ్మను కలపడం మరిచిపోతే మాత్రం ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. "బర్రెను గుంజకు కట్టకుంటే ఏమైతది? పక్కోని చేన్ల పడ్తది. నీ బొమ్మ గూడ గంతే!"

ఈ లాగి చూసే అలవాటు క్లాసు బయట కూడా ఉండేది. హోటల్లో బెంచీని ఊపి చూడందే కూర్చునేవారు కాదు. ఒకసారి బస్సులో కడ్డీని గుంజి చూస్తుంటే కండక్టరు, "సారూ, జర ఇడువు, ఇది సర్కారు బస్సు," అన్నాడట. ఆ సంగతి ఆయనే చెప్పి మాకంటే ముందు నవ్వేవారు.

నేను ఆఖరి సంవత్సరంలో ఉండగా అమ్మ మోకాళ్లు మొరాయించాయి. మా ఇంట్లో చీరలు నేసేది అమ్మే. మాది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, అంచున కూర్చుని, అడుగున ఉన్న చెక్కలను తొక్కుతూ నేయాలి. గుంటలోకి దిగడం, మళ్లీ లేవడం అమ్మ వల్ల కావడం లేదు. "ఇగ బంద్ చేస్త బిడ్డా," అంది. మగ్గం లేకుండా అమ్మ ఎట్లా బతుకుతుందో నాకు తోచలేదు. సారుకు ఆ మాట చెబుతూ క్లాసులోనే ఏడ్చేశాను. ఆయన ఓదార్చలేదు. "ఏడ్సుడు తర్వాత. మనకు ప్రాజెక్టు దొరికింది గదా," అన్నారు.

ఆదివారం బస్సెక్కి మా ఇంటికి వచ్చారు. మగ్గాన్ని స్టాండు మీదికి లేపి, అమ్మ కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని నేసేలా చేయాలని ఆయన ఆలోచన. అందుకు అమ్మ మోకాలి నుంచి పాదం దాకా కొలవాలి. అమ్మ సిగ్గుపడింది. సారు గోడవైపు తిరిగి నిలబడి నాతో కొలిపించారు. కూర్చునే పీట ఎత్తు, తొక్కే చెక్కల లోతు, స్టాండు కాళ్లు, అన్నిటినీ ఆ ఒక్క కొలతకే ముడివేసి ల్యాప్‌టాప్‌లో గీయించారు. ఆ కొలతకు 'అమ్మ కాలు' అని పేరు పెట్టించారు. "పేరు లేని కొలతను రేపు నువ్వే గుర్తువట్టవు," అన్నారు.

వడ్రంగితో కట్టె కోయించే ముందు, అదే ఎత్తుకు ఇటుకలు పేర్చి అమ్మను కూర్చోబెట్టాం. కాలి వేళ్లు నేలకు ఆనాయి గాని మడమలు ఆనలేదు. సారు కిందికీ పైకీ చూసి, పక్కన విడిచిన చెప్పుల దగ్గర ఆగారు. మోకాళ్ల నొప్పికని దవాఖానలో చెప్పారని అమ్మ ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకుంటోంది. నేను వాటితోనే కొలిచేశాను.

"చెప్పులెందుకు ఇడిసినవక్కా?" అని అడిగారు సారు.

"మగ్గం కాడికి చెప్పులతోని ఎవలన్న పోతరా సారూ?" అంది అమ్మ, ఆయనకు ఆమాత్రం తెలియదా అన్నట్టు.

సారు పకపకా నవ్వారు. "తప్పు నాదే. గోడను కొలుసుకుంట నిలవడ్డ!" మళ్లీ కొలిచి, 'అమ్మ కాలు' ఒక్కటీ మార్చాం. తెర మీద పీట, చెక్కలు, స్టాండు అన్నీ కలిసి కిందికి దిగాయి. అమ్మ నోరు తెరిచి చూసింది. "అన్నిటిని నీ కాలుకే కట్టినమక్కా. నువ్వెట్లంటే అట్లనే ఇంటయి," అన్నారు సారు. ఆ స్టాండు మీదే అమ్మ ఇన్నేళ్లుగా చీరలు నేస్తోంది.

ఇవాళ యంత్రాల భాగాలు గీయడమే నా బతుకుదెరువు. ఆయన పెట్టిన అన్నమే తింటున్నానని చెప్పుకోవడానికి నాకు ఏ మొహమాటమూ లేదు.

సారును చివరిసారి చూసి అటునుంచే నారాయణపేటలో అమ్మ దగ్గరికి వెళ్లాను. వీధిలోకి మా మగ్గం చప్పుడు వినిపించలేదు. అమ్మకు మళ్లీ మోకాళ్ల నొప్పి తిరగబెట్టిందేమోనని గబగబా లోపలికి పోయాను. సగం నేసిన చీర మీద పాత పంచె కప్పి ఉంది.

"నొస్తున్నయా అమ్మా?"

"లేదు బిడ్డా. మనింటి మనిషి పోతే మగ్గం నడుపుతమా?"

మా ఇళ్లలో రక్తసంబంధం ఉన్నవాళ్లు పోతేనే మగ్గం ఆపుతారు. అమ్మ మగ్గం పీట మీదే కూర్చుని ఉంది. పాదాలు రెండూ చెక్కల మీద నిండుగా ఆనించి, తొక్కకుండా.